నాన్నకు నొప్పి లేకుండా యూరిన్ ఎర్రగా వస్తోంది, స్కాన్‌లో 2.8 సెం.మీ. గడ్డ అన్నారు. ఆపరేషన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

చీరాల_అబ్బాయి | మార్చి 4, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా నాన్నకు 66 ఏళ్లు. నలభై ఏళ్లు నూలు అద్దకం పని చేశారు, రంగు తొట్ల దగ్గరే జీవితం గడిచింది. రోజుకో కట్ట బీడీలు. షుగర్ లేదు, బీపీ ఉంది, రక్తం పలుచన చేసే ఎకోస్ప్రిన్ వేసుకుంటారు.

డిసెంబరులో ఒకరోజు అమ్మతో "ఒంటేలు రాణీ రంగులో పోయింది" అన్నారట. రంగుల మనిషి కదా, ఎర్రగా అని ఊరుకోరు. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఊళ్లో డాక్టరు ఇన్ఫెక్షన్ అని ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. రెండో రోజుకే మామూలుగా వచ్చేసింది. మందు పనిచేసిందని ఇద్దరూ సంతోషించి నాకు ఫోన్‌లో కూడా చెప్పలేదు. మొన్న ఆదివారం మళ్లీ వచ్చింది. ఈసారి దానిమ్మ గింజల్లా రక్తం ముక్కలు కూడా పడ్డాయి.

స్కాన్ తీయిస్తే మూత్రాశయం ఎడమ పక్క గోడకు 2.8 సెం.మీ. గడ్డ ఉందన్నారు. యూరాలజిస్ట్ చూసి టీయూఆర్‌బీటీ అనే ఆపరేషన్ చేయాలి, మత్తు డాక్టరుకు చూపించుకోండి అన్నారు. అది క్యాన్సరేనా? ముందు బయాప్సీ చేయకుండా నేరుగా ఆపరేషన్ అంటారేంటి? మా బాబాయ్ "కత్తి తగిలితే పాకుతుంది, తొందరపడకు" అంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

కాకినాడ_కోడలు | మార్చి 4, రాత్రి 11:05

ముందు ఒకటి చెప్తాను. యాంటీబయాటిక్‌తో తగ్గలేదండి, దానంతట అదే ఆగింది. ఈ గడ్డల నుంచి రక్తం వచ్చి ఆగుతుంది, మళ్లీ వారాలకో నెలలకో వస్తుంది. మా అమ్మకు ఐదు నెలలు యూరిన్ ఇన్ఫెక్షన్ అనే మందులు ఇచ్చారు. ఆడవాళ్లు కాబట్టి ఇన్ఫెక్షనే అయ్యుంటుందని అందరూ అనుకున్నాం, నేను కూడా. మూడుసార్లు కల్చర్ చేస్తే మూడుసార్లూ ఏ క్రిమీ పెరగలేదు. క్రిమి లేకుండా రక్తం ఎందుకొస్తోందని ఒక్కరం అడగలేదు. మీవాళ్లు మూడు నెలల్లోనే స్కాన్ దాకా వచ్చారు, దానికి సంతోషించండి.

గోదారి_గట్టు | మార్చి 5, ఉదయం 6:20

మా తాతగారికి ఇలాగే వస్తే కొండపిండి ఆకు కషాయం తాగిస్తే తగ్గిపోయింది. ఆపరేషన్‌కు ముందు ఓ నెల ప్రయత్నించండి.

యూరో_పీజీ | మార్చి 5, ఉదయం 7:45

గోదారి గారూ, మన ఇళ్లలో కొండపిండి ఆకు వాడేది రాళ్లకు. మీ తాతగారికి రాయి ఉండి పడిపోయి ఉండొచ్చు. ఇక్కడ స్కాన్‌లో కనిపిస్తున్నది రాయి కాదు. కాబట్టి నెల ఆగమని మాత్రం చెప్పకండి.

చీరాల గారూ, మీ నాన్నగారిని నేను చూడలేదు, కాబట్టి పద్ధతి ఒక్కటే చెప్తాను. మూత్రాశయం లోపల గడ్డ పెరిగితే అది చాలాసార్లు క్యాన్సరే, ఆ సంగతి దాచను. కానీ దొరికినవాటిలో నాలుగింట మూడు వంతులు లోపలి పొరల్లోనే ఉంటాయి, కండరంలోకి దిగవు. ఏ రకమో స్కాన్ చెప్పలేదు. ముక్కను మైక్రోస్కోప్ కింద చూడాలి.

మీరడిగిన బయాప్సీ టీయూఆర్‌బీటీయే. మూత్రం వచ్చే దారిలోంచే లోపలికి వెళ్లి గడ్డను గీకి తీస్తారు, తీసిన ముక్కలనే పరీక్షకు పంపుతారు. పరీక్షా, చికిత్సా ఒకేసారి జరిగిపోతాయి. పొట్ట మీద కోత ఉండదు, కుట్టు ఉండదు. సూదితో బయటి నుంచి పొడిచి ముక్క తీయడం ఈ అవయవానికి చేయరు. మీ బాబాయ్ గారి భయంలో నిజం ఉన్నది అక్కడే, పొట్టలోంచి పొడిస్తే కణాలు దారిలో పడే ప్రమాదం ఉంది. దారిలోంచి వెళ్తే ఆ గొడవ లేదు.

ఎకోస్ప్రిన్ సొంతంగా మానేయకండి. గుండె డాక్టరు, మత్తు డాక్టరు కలిసి చెప్తారు. అలాగే "రక్తం పలుచన చేసే మందు వల్లే వచ్చిందిలే" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మందు వాడేవాళ్లకు రక్తం పడినా లోపల చూడాల్సిందే.

అద్దకం పని అన్నారు కాబట్టి ఒక మాట. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, ఫుక్సిన్ రంగు తయారుచేసే కార్మికులకు మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని మొదట రాశాడు. ఫుక్సిన్ అంటే మీ నాన్నగారు అన్న రాణీ రంగే. అసలు దోషులు రంగుల తయారీలో వాడే బీటా నాఫ్తైలమీన్, బెంజిడీన్ లాంటి రసాయనాలని తర్వాత తేలింది. బెంజిడీన్ రంగులను మన దేశంలో 1990లలో నిషేధించారు, ఆయన అంతకుముందు నుంచే పనిలో ఉన్నట్టున్నారు. అయినా తప్పంతా తొట్టి మీదికి తోసేయకండి. పొగాకులోనూ ఇలాంటి రసాయనాలే ఉంటాయి, ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణం పొగే. రక్తంలో కలిసినది కిడ్నీ వడకట్టి మూత్రంలోకి పంపుతుంది, అది సంచిలో గంటలకొద్దీ నిలవ ఉంటుంది. గోడకు తగులుతూ ఉండేది ఆ మూత్రమే.

చీరాల_అబ్బాయి | మార్చి 5, ఉదయం 9:10

చాలా థాంక్స్ డాక్టర్ గారూ. 1978లో పనిలో చేరారు. చేతులకు తొడుగు కూడా లేకుండా, మోచేతి దాకా రంగులో ముంచి పిండేవారు. రాణీ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.

చుట్ట_మానేసిన_మావయ్య | మార్చి 5, మధ్యాహ్నం 1:30

బాబూ, నాకు ఆరేళ్ల క్రితం ఇదే. ఇప్పటికి నాలుగుసార్లు తీశారు. నాది కిందిస్థాయి రకం, లో గ్రేడ్ అంటారు. ప్రాణం తీసేది కాదు, అలాగని వదిలిపెట్టేదీ కాదు. చేలో కలుపు లాంటిది, పీకితే మళ్లీ మొలుస్తుంది. చూసుకుంటూ ఉండాలి.

మొదటి సిస్టోస్కోపీ (గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం) అంటే నాకు ప్రాణాలు పోయినంత పని. జెల్లీ మందు దారిలోకి ఎక్కించి పది నిమిషాలు ఆగి, వంగే గొట్టం ఒకటి పంపారు. టీవీలో నేనే చూశాను. ముత్యంలా తెల్లగా గులాబీగా గోడ, దాని మీద సముద్రపు నాచులా ఊగుతూ ఓ గుత్తి. ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఇంటికొచ్చాక రెండు రోజులు ఒంటేలుకు వెళ్తే మంట. అంతే. చుట్ట ఆ రోజే మానేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు, మా ఆవిడ పెట్టె బావిలో పడేసింది.

లీడ్స్_లక్ష్మి | మార్చి 5, సాయంత్రం 4:50

నేను ఇంగ్లండులో నర్సుని. ఇక్కడ 45 దాటిన మనిషికి ఇన్ఫెక్షన్ లేకుండా కంటికి కనిపించేలా రక్తం పడితే, ఒక్కసారి పడినా క్యాన్సర్ అనుమానం కింద అర్జెంటుగా పంపించేస్తారు. మనవాళ్లు రెండోసారి, మూడోసారి దాకా ఆగుతారు. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదు అనుకుంటారు. ఈ జబ్బులో అది తలకిందులు, నొప్పి లేకపోవడమే అనుమానించాల్సిన విషయం.

ఆపరేషన్‌కు ముందు సీటీ యూరోగ్రామ్ చేశారా? కిడ్నీ నుంచి కిందికి వచ్చే గొట్టాల లోపలి పొర కూడా మూత్రాశయంలో ఉన్న పొరే. అక్కడ ఇంకొకటి ఉందేమో చూస్తారు. కాంట్రాస్ట్ మందు ఎక్కించాలి కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు.

రేపల్లె_రాంబాబు | మార్చి 5, రాత్రి 8:15

సీటీ ఎందుకు, డైరెక్టుగా పెట్ స్కాన్ చేయిస్తే ఒళ్లంతా తెలిసిపోతుంది కదా?

యూరో_పీజీ | మార్చి 5, రాత్రి 9:00

పెట్‌లో వాడే మందు మూత్రంలోనే బయటికి పోతుంది. మూత్రాశయం మొత్తం దీపంలా వెలుగుతుంది, అందులో గడ్డ ఎక్కడో పోల్చుకోవడం కష్టం. మొదటి పరీక్షగా పనికిరాదు.

యూరిన్ సైటాలజీ, అంటే మూత్రంలో క్యాన్సర్ కణాలు వెతికే పరీక్ష, రాసి ఉంటే ఒక చిన్న సంగతి. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం పంపకండి, రాత్రంతా నిలవ ఉండి కణాలు పాడైపోతాయి. ఆ తర్వాతది పంపండి. రిపోర్టులో కణాలు లేవని వచ్చినా నిశ్చింత పడక్కర్లేదు. లో గ్రేడ్ గడ్డ కణాలు మామూలు కణాల్లాగే ఉంటాయి, ఆ పరీక్షకు చాలావరకు దొరకవు. హై గ్రేడ్, అంటే దూకుడుగా పెరిగే రకం అయితే బాగా పట్టుకుంటుంది.

ఓటీ_మస్తాన్ | మార్చి 6, రాత్రి 12:20

డ్యూటీ దిగి ఇప్పుడే చూశా. పద్నాలుగేళ్లుగా యూరాలజీ థియేటర్లో టెక్నీషియన్ని. లోపల ఏం జరుగుతుందో డాక్టర్లకు చెప్పే టైం ఉండదు, నేను చెప్తా అన్నా.

వెన్నులో ఇంజెక్షన్ ఇస్తారు, నడుం కింద మొద్దుబారుతుంది. నాన్నగారు మెలకువగానే ఉంటారు, మాట్లాడొచ్చు. కాళ్లు రెండూ పైకెత్తి స్టాండుల్లో పెడతాం. పెన్ను కంటే కాస్త లావు ఉండే గొట్టం లోపలికి పోతుంది. దాని చివర కెమెరా, దాని పక్కనే సన్నటి వైరు ఉంగరం. కరెంటు పెట్టి ఆ ఉంగరాన్ని వెనక్కి లాగితే గడ్డ పొరపొరగా లేస్తుంది, కొబ్బరి కోరినట్టు. పైనుంచి నీళ్లు పోతూనే ఉండాలి, లేకపోతే రక్తంలో ఏమీ కనపడదు. పాత మెషిన్లకు గ్లైసిన్ నీళ్లు వాడాలి, అవి ఎక్కువసేపు ఒంట్లోకి ఇంకితే సోడియం పడిపోతుంది. బైపోలార్ మెషిన్ అయితే మామూలు సెలైన్‌తో పనైపోతుంది. మీ ఆసుపత్రిలో ఏది ఉందో అడగండి, తప్పులేదు.

నాన్నగారిది పక్క గోడ అన్నారు కదా, అక్కడో చిక్కుంది. తొడను లోపలికి లాగే నరం ఆ గోడను ఆనుకునే పోతుంది. కరెంటు తగలగానే కాలు ఠక్కున తన్నుకుంటుంది. వెన్ను ఇంజెక్షన్ దాన్ని ఆపలేదు. ఉంగరం లోపల ఉండగా కాలు కదిలితే గోడకు చిల్లు పడొచ్చు. అందుకని తొడ దగ్గర ఆ నరానికి విడిగా మత్తు ఇస్తారు, లేదా పూర్తి మత్తిచ్చి కండరాలు కదలకుండా చేస్తారు. నా ఎదుటే ఒకసారి కాలు తన్ని సర్జన్ గారి కళ్లజోడు ఎగిరిపోయింది. పేషెంటుకు ఏం కాలేదు, కళ్లజోడు మాత్రం పోయింది. మత్తు డాక్టరును కలిసినప్పుడు "గడ్డ ఎడమ పక్క గోడకు ఉందండి" అని మీరే గుర్తుచేయండి.

తీసిన ముక్కలను రబ్బరు బుడగ ఉన్న గాజు సీసాతో పీల్చి బయటికి తీస్తాం. ఇక్కడ జాగ్రత్తగా వినండి. గడ్డ ముక్కలు ఒక డబ్బాలో, గడ్డ మొదలు నుంచి లోతుగా తీసిన ముక్క ఇంకో డబ్బాలో పంపాలి. ఆ రెండో డబ్బాలో కండరం రావాలి. రిపోర్టు వచ్చాక మీరు మొదట వెతకాల్సిన మాట "కండరం ఉందా" అన్నదే. క్యాన్సర్ అన్న మాట తర్వాత చూసుకోండి.

చీరాల_అబ్బాయి | మార్చి 6, ఉదయం 8:00

అన్నా, ఇది రెండుసార్లు చదివి నాన్నకు వినిపించా. కళ్లజోడు దగ్గర నవ్వారు. ఆదివారం తర్వాత ఆయన నవ్వడం ఇదే మొదలు.

బెజవాడ_భాను | మార్చి 6, ఉదయం 11:30

ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఈ ఆపరేషన్ అందులో ఉంది. అడ్మిట్ కాకముందే మిత్ర డెస్క్‌లో స్కాన్ రిపోర్టు ఇచ్చి అప్రూవల్ పెట్టించుకోండి. డబ్బు కట్టేశాక అడిగితే ఇబ్బంది.

చీరాల_అబ్బాయి | మార్చి 14, రాత్రి 9:30

నిన్న ఆపరేషన్ అయింది. 50 నిమిషాలు పట్టింది. మస్తాన్ అన్న చెప్పినట్టే గోడ సంగతి చెప్పాను, తొడ దగ్గర ఇంజెక్షన్ ముందే రాసుకున్నామన్నారు. సీటీలో పైన గొట్టాలు బాగున్నాయి.

మూడు దారుల పైపు వేశారు. ఒక దారిలో సెలైన్ లోపలికి, ఒక దారిలో బయటికి, మూడోది లోపల బుడగ ఉబ్బించడానికి. నర్సు గంటగంటకూ వచ్చి రంగు ఎలా ఉందని అడుగుతోంది. నాన్న మంచం మీది నుంచే సమాధానం చెప్తున్నారు. నిన్న సాయంత్రం "మెరూన్", రాత్రి "దానిమ్మ", తెల్లవారాక "లేత గులాబీ, ఇంకో రెండు జాడింపులు కావాలి". ఆ అమ్మాయికి అర్థం కాక నా వంక చూసింది.

ఆపరేషన్ అయిన నాలుగు గంటలకు పైపులోంచి ఏదో మందు ఎక్కించి గంటసేపు క్లిప్పు పెట్టి ఉంచారు. మైటోమైసిన్ అట. సిరంజిలో చూసి నాన్న "నేరేడు" అన్నారు. నిజంగా ఆ రంగే. అదెందుకు?

యూరో_పీజీ | మార్చి 14, రాత్రి 10:10

గీకేటప్పుడు విడిపోయిన కణాలు నీళ్లలో తేలుతూ ఇంకోచోట అతుక్కోకుండా. ఒక్క డోసు, 24 గంటల్లోపే, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గోడకు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే ఇవ్వరు. ఇచ్చారంటే గోడ విషయంలో డాక్టరు ధైర్యంగా ఉన్నారన్నమాట.

ఓటీ_మస్తాన్ | మార్చి 14, రాత్రి 10:25

అన్నా, ఈ రాత్రి ఒక్కటి గమనించు. సెలైన్ లోపలికి పోతూ ఉండి బ్యాగ్‌లోకి ఏమీ రాకపోతే, నాన్నగారు పొత్తికడుపు బిగిసిందంటే, రక్తం గడ్డ అడ్డం పడిందని అర్థం. లోపలికి వెళ్లే సెలైన్ క్లిప్పు వెంటనే మూసేసి నర్సును కేకెయ్యి. సెలైన్ అలా వదిలేస్తే సంచి ఉబ్బిపోతుంది.

చీరాల_అబ్బాయి | మార్చి 15, ఉదయం 5:50

అన్నా, రాత్రి రెండున్నరకు అచ్చం అదే జరిగింది. క్లిప్పు మూశాను. సిస్టర్ పెద్ద సిరంజితో లాగితే బొటనవేలంత ముక్క వచ్చింది. నాన్న నిద్రపోయారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

చుట్ట_మానేసిన_మావయ్య | మార్చి 15, ఉదయం 7:00

ఇంటికెళ్లాక పది పదిహేను రోజులప్పుడు మళ్లీ ఒకసారి ఎర్రగా రావొచ్చు. లోపల పక్కు రాలుతుంది. నీళ్లు బాగా తాగించు, మలబద్ధకం రానీయకు. ఆగకుండా వస్తే, లేక ఒంటేలు బిగిస్తే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తు.

చీరాల_అబ్బాయి | మార్చి 23, సాయంత్రం 6:15

రిపోర్టు వచ్చింది. హై గ్రేడ్, టీ1. లోపలి పొర కింది వరకు దిగింది అని ఉంది. మస్తాన్ అన్న చెప్పిన మాట వెతికాను. "కండరం కనిపించలేదు" అని రాశారు. ఐదు వారాల్లో మళ్లీ టీయూఆర్‌బీటీ చేయాలంటున్నారు. మొదటిసారి సరిగ్గా చేయలేదా? ఇంత డబ్బు, ఇంత బాధ పెట్టి మళ్లీ మొదటికే రావడమా? చాలా కోపంగా ఉంది. బాబాయ్ అయితే వేరే ఆసుపత్రికి మార్చేద్దాం అంటున్నాడు.

యూరో_పీజీ | మార్చి 23, రాత్రి 8:40

కోపం అర్థమవుతుంది. ఇంకా లోతుగా తీసి ఉంటే కండరం వచ్చేదేమో, లేక గోడకు చిల్లు పడేదేమో. ఎంతో కొంత రక్తం ఊరుతున్న గోడ మీద మిల్లీమీటర్ల లెక్కలో ఈ తేడా ఉంటుంది. కండరం వచ్చి ఉండాల్సిందన్నది మాత్రం నిజం, దాన్ని వెనకేసుకు రాను.

కానీ ఒకటి తెలుసుకోండి. కండరం వచ్చి ఉన్నా, టీ1 హై గ్రేడ్‌కు రెండోసారి చేయడం పద్ధతే. రెండు నుంచి ఆరు వారాల మధ్య చేస్తారు. టీ1 అన్నవాళ్లలో మూడో వంతు నుంచి సగం మందిదాకా, రెండోసారి చూస్తే ఇంకా కొంత మిగిలి కనిపిస్తుంది. కొందరిలో అది అప్పటికే కండరంలోకి దిగి ఉంటుంది. కండరంలోకి దిగితే దారి మొత్తం మారిపోతుంది. కీమో ఇచ్చి సంచిని పూర్తిగా తీసేయడం, పేగుతో మూత్రానికి కొత్త దారి కట్టడం, లేదా కొందరికి కీమోతో కలిపి రేడియేషన్. దిగలేదని తేలితే బీసీజీతో (క్షయ టీకాలో ఉండే క్రిమిని పైపుతో లోపలికి ఎక్కించడం) సంచిని కాపాడుకునే ప్రయత్నం చేస్తారు. ఏ దారో ఒక్క ముక్క కండరాన్ని బట్టి తేలాలి. ఆసుపత్రి మారుస్తారా లేదా మీ ఇష్టం. మారిస్తే గడ్డ ముక్కలు భద్రపరిచిన స్లైడ్లు, బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లండి, కాగితం ఒక్కటే కాదు. ఆరు వారాలు దాటనీయకండి.

కాకినాడ_కోడలు | మార్చి 23, రాత్రి 9:30

మా అమ్మది కండరంలోకి దిగాకే తెలిసింది. కీమో ఇచ్చి సంచి తీసేశారు. పొట్ట పక్కన బ్యాగ్ పెట్టుకుని మూడేళ్లయింది. ఆవకాయ పెడుతోంది, పెళ్లిళ్లకు వెళ్తోంది, బ్యాగ్ లీకైతే నన్ను తిడుతోంది. ఆ దారి వచ్చినా బతుకు ఆగిపోదని చెప్పడానికి రాశాను. కానీ ఆ ఐదు నెలల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

యూరో_పీజీ | మార్చి 23, రాత్రి 9:50

కీమో మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. ఈ జబ్బుకు 1980లలో వచ్చిన నాలుగు మందుల కీమోలో మొదటిది మెథోట్రెక్సేట్. అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో దాని వెనకున్న బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పుట్టింది 1895, రేన్ ఆ రంగు కార్మికుల గురించి రాసిన ఏడే. క్లాసులో ఇది ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది.

చీరాల_అబ్బాయి | ఏప్రిల్ 25, రాత్రి 8:05

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఆసుపత్రి మార్చలేదు. ఆ డాక్టరే నాన్న పక్కన కూర్చుని బొమ్మ గీసి చెప్పారు, కండరం రాలేదని ఆయనే ఒప్పుకున్నారు. ఈ నెల 17న రెండోసారి అయింది. నిన్న రిపోర్టు. పాత చోట చిన్న మిగులు ఉందట, పై పొరలోనే. "కండరం ఉంది, అందులో కణాలు లేవు" అని రాశారు. ఆ లైన్ ఫొటో తీసి మస్తాన్ అన్నకు పంపాలనిపించింది.

ఓటీ_మస్తాన్ | ఏప్రిల్ 25, రాత్రి 11:55

ఇది చదివి ఇవాళ్టి నొప్పులన్నీ పోయాయి అన్నా.

చీరాల_అబ్బాయి | మే 9, సాయంత్రం 7:20

నిన్న మొదటి బీసీజీ. వారానికొకటి చొప్పున ఆరు. "నా భుజానికి వేసిన టీకానేనా ఇది?" అని నాన్న అడిగితే, ఆ క్రిమే, ఇది సూదితో కాదు పైపుతో అన్నారు డాక్టరు. రెండు గంటలు ఆపుకోవాలి. ఆ తర్వాత ఆరు గంటలపాటు కూర్చునే పోయాలి, పోసినప్పుడల్లా టాయిలెట్‌లో బ్లీచింగ్ వేసి పావుగంట ఉంచి నీళ్లు కొట్టాలి. రాత్రి కొంచెం ఒళ్లు వెచ్చబడింది, పొద్దునకు తగ్గింది. జ్వరం గట్టిగా వచ్చి రెండు రోజులు దిగకపోతే రమ్మన్నారు. ఆరు అయ్యాక సిస్టోస్కోపీ, ఆ తర్వాత మూడేళ్లపాటు విడతలుగా మూడేసి డోసులు. లోపల చూడటం రెండేళ్లపాటు మూడు నెలలకోసారి.

బీడీ మానేశారు. అమ్మకు తెలియకుండా ఒకటి దాచుకున్నారని అనుమానం. రాణీ రంగు సంగతి నిన్న వెయిటింగ్ హాల్లో చెప్పాను. చాలాసేపు చేతులు చూసుకుని, తనతోపాటు తొట్టి దగ్గర పనిచేసిన ఇద్దరి పేర్లు చెప్పారు. వాళ్లకు ఫోన్ చేసి ఒంటేలు రంగు అడగమన్నారు. ఒకాయన బాగానే ఉన్నారు. రెండో ఆయన నంబరు కలవలేదు, రేపు ఇంటికి వెళ్లొస్తాను.

తెనాలి_తులసి | మే 10, ఉదయం 9:00

ఇప్పుడే మొత్తం చదివాను. మా మావయ్యగారికి 58, పోయిన వారం ఒక్కసారి ఎర్రగా వచ్చి ఆగిపోయింది. బీట్‌రూట్ తిన్నాను, దానివల్లే అంటున్నారు. ఇప్పుడు మామూలుగానే ఉంది. ఆగి చూడొచ్చా?

చీరాల_అబ్బాయి | మే 10, ఉదయం 9:04

వద్దండి. సోమవారమే యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. స్కాన్‌కు సంచి నిండా నీళ్లు తాగించి వెళ్లండి, ఖాళీగా ఉంటే చిన్నవి కనపడవు.